7–45 జూమ్ స్టీరియో మైక్రోస్కోప్: హెడ్ బాగుంది, లైటూ స్టాండూ దగ్గరే జాగ్రత్త

మొబైల్ రిపేర్ బెంచీల మీద, చిన్న సర్క్యూట్ బోర్డుల (పీసీబీ) యూనిట్లలో, టూల్‌రూముల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే స్టీరియో మైక్రోస్కోప్ దాదాపు ఒకటే రకం. 0.7 నుంచి 4.5 దాకా తిరిగే జూమ్ హెడ్, 10 రెట్ల ఐపీసులు (కన్ను ఆనించి చూసే లెన్సులు) రెండు, పైన కెమెరాకు మూడో గొట్టం, బరువైన స్టాండు, కింద రింగ్ లైటు. లెక్క కడితే మొత్తం 7 నుంచి 45 రెట్లు. చైనాలో తయారై రకరకాల పేర్లతో అమ్ముడవుతుంది. ఆమ్‌స్కోప్ ఎస్‌ఎం-4 వరుస వాటిలో బాగా తెలిసిన పేరు. పేరు మారినా లోపలి కట్టుబడి పెద్దగా మారదు కాబట్టి ఈ రివ్యూ ఆ తరగతి మొత్తానికీ వర్తిస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తే: హెడ్ పెట్టిన డబ్బుకు మించి పనిచేస్తుంది. దానితో వచ్చే రింగ్ లైటు ఒక్కదాన్నే నమ్ముకుంటే గీతలు, పగుళ్లు సగం కళ్లెదుటే దాక్కుంటాయి. స్టాండు ఏ రకం తీసుకున్నారన్నదాని మీదే 45 రెట్ల దగ్గర బొమ్మ నిలుస్తుందా వణుకుతుందా అన్నది తేలుతుంది. కెమెరా పెట్టె మీద రాసిన మెగాపిక్సెళ్లను అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

హెడ్ సంగతి

ఇది గ్రీనో పద్ధతి హెడ్. ఒక్కో కంటికి ఒక్కో పూర్తి మైక్రోస్కోప్ ఉంటుంది. రెండూ కింద ఒకే బిందువు వైపు కొద్దిగా వంగి ఉంటాయి. హొరేషియో గ్రీనో అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు 1890ల్లో ఈ ఆలోచన జైస్ కంపెనీ ముందు పెట్టాడు, వాళ్లు తయారుచేశారు. నూట పాతికేళ్లు దాటినా మూల సూత్రం అదే. రెండు కళ్లు రెండు కోణాల్లో చూస్తాయి గనుక ఎత్తుపల్లాలు నిజంగా ఎత్తుపల్లాలుగానే తెలుస్తాయి. లోపలి ప్రిజమ్‌ల వల్ల బొమ్మ తలకిందులు కాదు, ట్వీజర్ కుడికి జరిపితే కుడికే జరుగుతుంది. చూస్తూ పనిచేయాలనుకునేవాళ్లకు ఈ రెండూ చాలు, మిగతా గొప్పలన్నీ తర్వాతివే.

ఎంత జాగా కనిపిస్తుందో లెక్క సులువు. ఐపీస్ మీద 10/20 అని ఉంటే ఆ 20ని జూమ్ అంకెతో భాగించండి. 0.7 దగ్గర 28 మి.మీ. పైచిలుకు వ్యాసం, 4.5 దగ్గర 4.4 మి.మీ. లెన్సుకూ వస్తువుకూ మధ్య ఖాళీ సుమారు 100 మి.మీ. జూమ్ తిప్పినా ఈ ఖాళీ మారదు.

ఇక వివరం. జూమ్ పూర్తిగా పెంచినప్పుడు ఈ తరగతి హెడ్‌లు విడదీసి చూపగలిగేది సుమారు 3–4 మైక్రాన్లు. అంతకంటే సన్నని విషయం ఎంత పెద్దది చేసినా మసకగానే ఉంటుంది. అందుకే సెట్టులో ఉచితంగా ఇచ్చే 20 రెట్ల ఐపీసులతో 90 రెట్లు వస్తాయన్న మాట అంకెల వరకే నిజం. బొమ్మ పెద్దదవుతుంది, చీకటిపడుతుంది, కొత్తగా కనిపించేది మాత్రం దాదాపు ఏమీ ఉండదు. కింద తగిలించే 2 రెట్ల లెన్స్ సంగతి వేరు. అది కాంతిని ఎక్కువ కోణం నుంచి సేకరిస్తుంది కాబట్టి వివరం నిజంగానే పెరుగుతుంది. కాకపోతే ఖాళీ 30 మి.మీ. దరిదాపులకు పడిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ మొన దూర్చే చోటుండదు, పక్కనుంచి లైటు వేసే చోటు అంతకన్నా ఉండదు. కేవలం చూడటానికైతే సరే.

అసలు ఎన్ని రెట్లు కావాలి? సోల్డర్ తనిఖీకి పరిశ్రమ అంతా పాటించే ఐపీసీ-ఏ-610 ప్రమాణం ప్యాడ్ (బోర్డు మీద సోల్డర్ అతికే లోహపు చోటు) వెడల్పును బట్టి చెబుతుంది. 1 మి.మీ. దాటితే 1.5–3 రెట్లు, 0.5–1 మధ్య 3–7.5, 0.25–0.5 మధ్య 7.5–10, 0.25 కంటే సన్నమైతే 20. వివాదం వచ్చి తేల్చుకోవాల్సినప్పుడు మాత్రం వరుసగా 4, 10, 20, 40 దాకా వెళ్లొచ్చు. ఈ పట్టిక చూస్తే 7–45 హెడ్ ఎందుకు సరిపోతుందో అర్థమవుతుంది. ఇంకో సంగతీ అర్థమవుతుంది: మొదటి చూపే 40 రెట్లలో చూసే ఇన్‌స్పెక్టర్ మంచి జాయింట్లను కూడా తీసి పక్కన పెడతాడు. ఆ స్థాయిలో ప్రతి ఉపరితలమూ లోపంగానే కనిపిస్తుంది. తక్కువ జూమ్‌లో బోర్డంతా వెతికి, అనుమానం వచ్చిన చోట మాత్రం పెంచడమే పద్ధతి.

0.5 లెన్స్ లేకుండా కొనొద్దు, అయితే...

సోల్డరింగ్, రీవర్క్ చేసేవాళ్లకు 100 మి.మీ. ఖాళీ చాలదు. హాట్ ఎయిర్ గన్ మూతి పట్టదు, వేడి తిన్నగా లెన్స్‌కు కొడుతుంది. 0.5 బార్లో లెన్స్ (హెడ్ కింద అదనంగా తగిలించి రెట్లు మార్చేది) బిగిస్తే ఖాళీ 160 మి.మీ. దాటుతుంది, కనిపించే జాగా రెట్టింపై 57 మి.మీ. అవుతుంది. చాలా ఫోన్ బోర్డుల వెడల్పు మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. మర దాదాపు అన్నిటికీ ఎం48 ఉంటుంది, కానీ ఆర్డరిచ్చే ముందు అడిగి నిర్ధారించుకోండి.

దీనికి చెల్లించే మూల్యం రెండు రకాలు. మొత్తం రెట్లు 3.5–22.5కు దిగుతాయి, విడదీసే శక్తీ సగమవుతుంది. రెండోది ఎవరూ చెప్పరు: లైటు కోణం చెడిపోతుంది. రింగ్ లైటు లెన్స్ చుట్టూనే ఉంటుంది కదా, హెడ్ పైకి లేచేసరికి లైటూ పైకి పోతుంది. 100 మి.మీ. ఎత్తులో నిలువుకు ఇరవై డిగ్రీల వంపుతో పడిన వెలుతురు, 165 మి.మీ. ఎత్తులో పన్నెండుకు దిగుతుంది. అంటే దాదాపు నడినెత్తిన ఎండ. నీడ పడదు, నీడ లేకపోతే గీత కనిపించదు. అందుకే 0.5 లెన్స్ కొన్నవాళ్లు పక్క లైటు కూడా కొనాల్సిందే.

0.7 బార్లో కూడా దొరుకుతుంది. ఐరన్ మాత్రమే వాడి, హాట్ ఎయిర్ తక్కువగా వాడేవాళ్లకు అదే మెరుగు.

లైటు

ఉపరితలం చూడటంలో అసలు పని ఇక్కడే. ఒకే వస్తువు, ఒకే రెట్లు, లైటు మార్చితే వేరే వస్తువులా కనిపిస్తుంది.

పెట్టెలో వచ్చే ఎల్‌ఈడీ రింగ్ దేనికి పనికొస్తుందంటే, ఏ ఐసీ ఎక్కడుందో చూడటానికి, నంబరు చదవడానికి, పోలారిటీ చూసుకోవడానికి. మెరిసే సోల్డర్ మీద ఆ ఎల్‌ఈడీలన్నీ చుక్కల దండగా ప్రతిఫలిస్తాయి. ఆ చుక్కల కిందే సన్నని పగులు ఉంటే కంటికి ఆనదు. ఒకే రింగ్ కొనేటట్టయితే నాలుగు భాగాలుగా విడివిడిగా ఆర్పే వీలున్నది కొనండి. మూడు భాగాలు ఆర్పి ఒక్క వైపే వెలిగిస్తే కొంత నీడైనా వస్తుంది. డిమ్మర్ మాత్రమే ఉన్న రింగ్‌తో ఈ పని జరగదు.

గీతలు, పగుళ్లు, పొక్కులు, గుంటలు చూడాలంటే రెండు వంగే చేతుల గూస్‌నెక్ లైటు కావాలి. అందులోనూ ఒక్క చేతినే వెలిగించి, ఉపరితలానికి 10–15 డిగ్రీల ఎత్తులో, దాదాపు నేలబారుగా వేయాలి. రెండు చేతులూ చెరో వైపు సమానంగా వెలిగిస్తే ఒకదాని నీడను ఇంకోటి చెరిపేస్తుంది, కథ మళ్లీ రింగ్ లైటు దగ్గరికే వస్తుంది. వెలుతురుకు అడ్డంగా ఉన్న గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, వెలుతురు వెంబడి సాగే గీత మాయమవుతుంది. కాబట్టి వస్తువును కనీసం 90 డిగ్రీలు తిప్పి రెండోసారి చూడకుండా ‘గీతల్లేవు’ అని రాయకూడదు. గ్రైండింగ్ చేసిన ముఖాల మీద ఇది మరీ ముఖ్యం. గ్రైండింగ్ జాడలన్నీ ఒకే దిశలో ఉంటాయి, పగులూ అదే దిశలో ఉంటే వాటిలో కలిసిపోతుంది.

ఫోటో తీసేటప్పుడు ఇంకో చిక్కుంది. కెమెరాకు ఒక్క కన్నే. లైటు బొమ్మకు కింది వైపు నుంచి పడితే గుంటలు బొడిపెల్లా, బొడిపెలు గుంటల్లా కనిపిస్తాయి. కస్టమర్‌కు పంపే ఫోటోల్లో లైటు ఎప్పుడూ పై ఎడమ మూల నుంచే పడేట్టు పెట్టుకుంటే ఈ వాదన రాదు.

క్రోమ్ పూత, పాలిష్ చేసిన స్టీలు, ముత్యం లాంటి గుండ్రని మెరుపు వస్తువులకు సూటి లైటు పనికిరాదు. ట్రేసింగ్ పేపర్‌ను గొట్టంలా చుట్టి వస్తువు చుట్టూ నిలబెట్టి, బయటి నుంచి గూస్‌నెక్ వేయండి. వెలుతురు పరుచుకుని పడుతుంది, ఎల్‌ఈడీ చుక్కలు పోతాయి. దీనికి ఖరీదైన డిఫ్యూజర్ అక్కర్లేదు.

పోలరైజర్ సెట్టు విడిగా అమ్ముతారు. లైటు ముందు ఒక ఫిల్మ్, లెన్స్ ముందు ఇంకోటి, ఒకదానికొకటి అడ్డంగా వచ్చేట్టు తిప్పితే జిగేలు మొత్తం ఆగిపోతుంది. సోల్డర్ మాస్క్ (బోర్డు పైనుండే రంగు పూత) కింద ట్రాక్ తెగిందా, ఐసీ మీద లేజర్ రాత ఏమిటి, ఫ్లక్స్ (సోల్డర్ బాగా అతకడానికి వాడే పదార్థం) పొర ఎంతవరకు పాకింది లాంటివాటికి బ్రహ్మాండం. వెలుతురు మాత్రం బాగా పడిపోతుంది, బలహీనమైన రింగ్‌తో పెట్టుకోవద్దు. ఇంకో హద్దు: సోల్డర్ ప్యాడ్‌ను సరిగ్గా తడిపిందా లేదా అన్నది మెరుపును బట్టే చూస్తాం. పోలరైజర్ ఆ మెరుపునే తీసేస్తుంది. కాబట్టి తడుపు చూసేటప్పుడు దాన్ని విప్పేయాలి.

కన్ఫార్మల్ కోటింగ్ (బోర్డు మీద వేసే రక్షణ పూత) తనిఖీకి 365 నానోమీటర్ల యూవీ టార్చ్ చాలు. తనిఖీ కోసమే చాలా కోటింగుల్లో మెరిసే పదార్థం కలుపుతారు, పూత అందని చోటు నల్లగా తేలుతుంది. గది లైట్లు ఆర్పండి, టార్చ్‌ను కళ్ల వైపు తిప్పకండి.

అద్దంలాంటి చదును ఉపరితలాలు, సిలికాన్ వేఫర్లు, పాలిష్ చేసి ఎచ్ చేసిన లోహపు నమూనాల్లోని రేణువులు ఈ మైక్రోస్కోప్ పని కాదు. వాటికి లెన్స్ గుండానే తిన్నగా లైటు వేసే మెటలర్జికల్ మైక్రోస్కోప్ కావాలి.

ఏ ఉపరితలం మీద ఎలా ఉంది

సోల్డర్ జాయింట్లు దీని సొంత ఇలాకా. 0.6 × 0.3 మి.మీ. ఉండే 0201 రెసిస్టర్ 20 రెట్ల దగ్గర హాయిగా కనిపిస్తుంది. ఒక చివర లేచి నిలబడటం, పిన్నుల మధ్య బ్రిడ్జి, చెదిరిన సోల్డర్ గుళ్లు ఇవన్నీ తక్కువ జూమ్‌లోనే దొరికిపోతాయి. కష్టమైనది పిన్ను చుట్టూ వచ్చే వలయపు పగులు. పవర్ కనెక్టర్, ట్రాన్స్‌ఫార్మర్ లాంటి బరువైన భాగాల కాళ్ల దగ్గర ఇది ఎక్కువ. పిన్నుకీ సోల్డర్ కొండకీ మధ్య, లేదా ఆ కొండ మధ్యలో, వెంట్రుక మందం నల్లని గీత గుండ్రంగా తిరుగుతుంది. పైనుంచి లైటు వేస్తే లోపలంతా మెరుస్తూ అతుక్కున్నట్టే ఉంటుంది. పక్క లైటు 15–20 డిగ్రీల్లో వేసి, బోర్డును మెల్లగా తిప్పుతూ చూడండి. ఒక్క కోణంలో గీత టక్కున నల్లబడుతుంది. అనుమానం తీరకపోతే చెక్క పుల్లతో పిన్నును సుతారంగా కదిపితే, పిన్ను కదిలి సోల్డర్ కదలకుండా ఉండటం మూడు కొలతల్లో స్పష్టంగా తెలుస్తుంది. ఇది కెమెరా తెర మీద తెలియదు, ఐపీసుల్లోనే తెలుస్తుంది.

లెడ్-ఫ్రీ సోల్డర్ గురించి ఒక మాట. 96.5 శాతం తగరం, 3 శాతం వెండి, 0.5 శాతం రాగి ఉండే ఎస్‌ఏసీ305 చల్లారినప్పుడు సహజంగానే గరుకుగా, మసకగా ఉంటుంది. పాత సీసపు సోల్డర్ మెరుపుకు అలవాటుపడ్డ కళ్లు దాన్ని కోల్డ్ జాయింట్ (సరిగ్గా అతకని జాయింటు) అనేస్తాయి. మెరుపు కాదు, అంచు చూడాలి. సోల్డర్ అంచు ప్యాడ్ మీద పల్చగా పరుచుకుని కలిసిపోతే మంచిది, బొట్టులా గుండ్రంగా నిలిచిపోతే తడవలేదు.

బీజీఏ (అడుగున సోల్డర్ బంతులతో బోర్డుకు అతికే ఐసీ) కింద మాత్రం ఇది చూపించలేదు. బాగా వాల్చి చూస్తే బయటి వరుస బంతులు కొంత కనిపిస్తాయి, లోపలివాటికి ఎక్స్‌రే తప్ప దారి లేదు. ‘బీజీఏ ఇన్‌స్పెక్షన్‌కు’ అని ప్రకటనల్లో రాసేవాళ్ల మాట నమ్మొద్దు.

విరిగిన షాఫ్టులు, బోల్టులు, గేరు పళ్ల విషయంలో ఈ పరికరం విలువ చాలామందికి తెలియదు. బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల విరిగిన భాగాన్ని తుక్కులో వేసి కొత్తది చేయించడమే ఎక్కువ. 7–10 రెట్ల దగ్గర, ఒక వైపు నుంచి వాలు లైటుతో విరిగిన ముఖం చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. ఒక మూల నుంచి విస్తరిస్తూ పోయిన వంపు రేఖలుంటే అది ఒక్కసారి విరిగింది కాదు, మళ్లీ మళ్లీ పడిన లోడుకు చాలాకాలం కొద్దికొద్దిగా పెరిగిన అలసట (ఫెటీగ్) పగులు. ఆ రేఖలు ఏ బిందువు చుట్టూ తిరుగుతున్నాయో అక్కడే మొదలైంది. ఆ బిందువు దగ్గర జూమ్ పెంచితే కీవే (కీ కూర్చునే గాడి) మూల పదును, తుప్పు గుంట, టూలు గీసిన జాడ ఏదో ఒకటి ఉంటుంది. షాఫ్టు మెట్టు చుట్టూ చిన్న చిన్న నిలువు మెట్లలాంటి గుర్తులు చాలా ఉంటే పగుళ్లు ఒకేసారి పలుచోట్ల మొదలయ్యాయన్నమాట. మూల రేడియస్ చాలకపోవడం, లోడు ఎక్కువ కావడం దీనికి సాధారణ కారణాలు. అలసట పగులులోని అతి సన్నని చారలు మాత్రం ఇక్కడ కనిపించవు, వాటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి.

ఈ పనిలో జరిగే పెద్ద నష్టం మైక్రోస్కోప్ కింద పెట్టకముందే జరుగుతుంది. రెండు ముక్కల్నీ సరిపోయాయా లేదా అని ఒకదానితో ఒకటి జోడించి చూస్తారు, లేదా వైర్ బ్రష్‌తో తుప్పు గీకుతారు. రెండింటితోనూ రేఖలు నలిగిపోతాయి. అసిటోన్, మెత్తని బ్రష్ చాలు.

కటింగ్ ఇన్సర్ట్‌ల (టూలు చివర బిగించే కోత ముక్కల) అరుగుదల కొలవాలంటే ఐపీస్‌లో రెటికిల్ (కొలత గీతలున్న గాజు బిళ్ల) ఉండాలి. 10 మి.మీ.ని 100 భాగాలు చేసిన రెటికిల్ సాధారణం. బార్లో లేకుండా జూమ్ 1 దగ్గర ఒక గడి 0.1 మి.మీ., 2 దగ్గర 0.05 మి.మీ. టూలు జీవితం పరీక్షించే ఐఎస్‌ఓ 3685 ప్రమాణంలో పక్క ముఖం సమానంగా అరిగితే సగటు హద్దు 0.3 మి.మీ. అంటే జూమ్ 2 దగ్గర ఆరు గడులు. 0.5 లెన్స్ విప్పడం మరిచిపోతే అదే అరుగుదల మూడు గడులే చూపిస్తుంది, అయిపోయిన ఇన్సర్ట్ మళ్లీ మెషీన్ ఎక్కుతుంది. జూమ్ నాబ్ మీద 2 అని గీసిన చోటు కచ్చితంగా 2 కాకపోవచ్చు. 0.01 మి.మీ. గడుల స్టేజ్ మైక్రోమీటర్ కింద పెట్టి సరిచూసి, ఆ చోట నాబ్ మీద సన్నని గుర్తు పెట్టుకోండి. క్లిక్ స్టాప్ (నిర్ణీత అంకెల దగ్గర జూమ్ క్లిక్‌మని ఆగే ఏర్పాటు) ఉన్న హెడ్ దొరికితే ఈ బాధ తప్పుతుంది. ఉపరితలం గరుకుతనాన్ని మైక్రాన్లలో ఇది చెప్పలేదు. తెలిసిన నమూనా ముక్కను పక్కన పెట్టి పోల్చుకోవడం వరకే.

ముత్యాల వ్యాపారం ఉన్న హైదరాబాద్‌లో ఈ మాట చెప్పకపోతే లోటు. 40 రెట్ల దరిదాపుల్లో, పరిచిన వెలుతురులో అసలు ముత్యం పొర మీద వేలిముద్రలాంటి సన్నని వంకర రేఖలు కనిపిస్తాయి. అనుకరణ ముత్యం మీద ఆ రేఖలుండవు, స్ప్రే పెయింటులా చిన్న చిన్న గింజలుంటాయి. కంత దగ్గర చూస్తే ఇంకా తేలిక: పూత అంచు లేచి, కింద గాజో ప్లాస్టికో బయటపడుతుంది. అయితే సాగు చేసిన ముత్యమా, సహజ ముత్యమా అన్నది దీనితో తేల్చేయొద్దు, అది ఎక్స్‌రే తీసే ల్యాబుల పని.

స్టాండు

మూడు రకాలు వస్తాయి. పొట్టి పిల్లర్ స్టాండు చిన్న వస్తువులకు, ఇన్సర్ట్‌లకు, ముత్యాలకు బెస్ట్, కదలదు. పొడుగు బూమ్ స్టాండు పెద్ద బోర్డులకు తప్పదు. చేయి పూర్తిగా చాచి 45 రెట్లలో చూస్తే సీలింగ్ ఫ్యాన్ గాలికే బొమ్మ ఊగుతుంది, కాబట్టి చేయి ఎంత కురచగా పెట్టుకోగలిగితే అంత మంచిది. బల్లకు బిగించే మడత చేతుల స్టాండు జాగా ఆదా చేస్తుంది, కానీ బల్ల గట్టిగా లేకపోతే ఐరన్ ఆనించిన ప్రతిసారీ ఫోకస్ వణుకుతుంది.

బూమ్ స్టాండులో చాలామంది పెట్టెలోనే వదిలేసే ఒక చిన్న భాగముంది: పిల్లర్ మీద చేయి కింద బిగించే రింగు. చేయి స్క్రూ వదులైనప్పుడు హెడ్ మొత్తం జారి బోర్డు మీద పడకుండా ఆపేది అదే. ముందు దాన్ని బిగించాకే హెడ్ ఎక్కించండి. పీఠం పొడుగు వైపు హెడ్ కిందికి వచ్చేట్టు ఉండాలి, లేకపోతే చేయి చాచినప్పుడు మొత్తం ముందుకు తూలుతుంది.

ఫోకస్ దానంతటదే దిగజారుతుంటే హెడ్‌ను పట్టుకునే హోల్డర్ పాడైందనుకోనవసరం లేదు. కెమెరా, బార్లో, రింగ్ అన్నీ తగిలించాక బరువు పెరుగుతుంది. రెండు ఫోకస్ నాబ్‌లనూ రెండు చేతులతో పట్టుకుని ఎదురెదురు దిశల్లో కొద్దిగా తిప్పితే బిగువు పెరుగుతుంది. మరీ బిగిస్తే నాబ్ కుదుపులతో తిరుగుతుంది, అది ఫోకస్‌కు చేటు. కొన్ని హోల్డర్లలో దీనికి విడిగా రింగు ఉంటుంది.

సోల్డరింగ్‌కు వాడే స్టాండు లోహపు పీఠాన్ని 1 మెగాఓమ్ రెసిస్టర్ ద్వారా ఈఎస్‌డీ మ్యాట్‌తో (స్టాటిక్ విద్యుత్తు నుంచి భాగాలను కాపాడే పరుపుతో) పాటు ఎర్త్ చేయండి.

కెమెరా

‘48 మెగాపిక్సెల్’ హెచ్‌డీఎంఐ కెమెరా మానిటర్‌కు పంపేది 1920 × 1080, అంటే రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ సాగదీసింది. చూడాల్సింది సెన్సర్ సైజు, దానికి తగ్గ సీ-మౌంట్ అడాప్టర్ (కెమెరాను మూడో గొట్టానికి కలిపే లెన్స్ గొట్టం). అర అంగుళం సెన్సర్‌కు 0.5 అడాప్టర్, ఇంకా చిన్నదైతే 0.35. అడాప్టర్ తప్పితే ఐపీసులో కనిపించేదాంట్లో నడిమి ముక్కే తెర మీదికి వస్తుంది, లేదా అంచుల్లో నల్లని వలయం పడుతుంది.

ట్రైనాక్యులర్ (కెమెరాకు మూడో గొట్టం ఉన్న హెడ్) అంటే అన్నీ ఒకటి కావు. కొన్నింటిలో మీట లాగితే కెమెరాకు వెలుతురు వెళ్లి ఒక కంటికి చీకటి పడుతుంది. రెండు కళ్లూ కెమెరా ఒకేసారి పనిచేసేవి వేరు, వాటిని సైమల్-ఫోకల్ అంటారు. రిపేరు చేస్తూ రికార్డు చేయాలన్నా, పక్కవాళ్లకు నేర్పాలన్నా రెండో రకమే తీసుకోండి. తెర చూస్తూ సోల్డర్ చేయాలనుకుంటే బొమ్మ ఆలస్యంగా వస్తుంది, లోతు తెలియదు. చూపించడానికి తెర, చేయడానికి ఐపీసులు. చౌక రింగ్ లైటు తగ్గించినప్పుడు తెర మీద నల్ల పట్టీలు కదులుతుంటే కెమెరా తప్పు కాదు, డిమ్మర్ ఎల్‌ఈడీలను వేగంగా వెలిగించి ఆర్పుతోంది. పూర్తి వెలుతురు పెట్టి చూడండి, పట్టీలు పోతే కారణం అదే.

వచ్చిన రోజే చేయాల్సినవి

తిరిగి పంపే గడువు లోపలే ఇవన్నీ చూసుకోవాలి. గ్రాఫ్ పేపర్ మీద సన్నని ప్లస్ గుర్తు గీసి నడిమధ్య పెట్టండి. ఒక్కో కన్ను మూసి చూస్తే గుర్తు రెండింటిలోనూ ఒకే చోట ఉండాలి. అడ్డంగా కాస్త తేడా ఉంటే కళ్లు సర్దుకుంటాయి. ఒకదానిలో పైకి, ఇంకోదానిలో కిందికి ఉంటే రవాణాలో ప్రిజమ్ కదిలిందని అర్థం. పది నిమిషాలకే తలనొప్పి మొదలయ్యేది దీనివల్లే. సొంతంగా విప్పకండి, మార్పించుకోండి.

తర్వాత ఫోకస్ సర్దుబాటు. ఐపీసుల డయాప్టర్ రింగులు (ఒక్కో కంటి చూపుకు తగ్గట్టు ఫోకస్ సర్దేవి) రెండూ సున్నా దగ్గర పెట్టండి. జూమ్ గరిష్ఠానికి తిప్పి, ఫోకస్ నాబ్‌తో బొమ్మ స్పష్టం చేయండి. ఇప్పుడు ఫోకస్ నాబ్ ముట్టకుండా జూమ్ కనిష్ఠానికి తెచ్చి, ఒక్కో కంటితో విడివిడిగా డయాప్టర్ మాత్రమే తిప్పి స్పష్టం చేయండి. మళ్లీ పైకి వెళ్లి సరిచూడండి. ఇక జూమ్ ఎంత తిప్పినా ఫోకస్ నిలవాలి. నిలవకపోతే హెడ్‌లోనే లోపం. కెమెరాకూ ఇదే వరుస, డయాప్టర్ బదులు అడాప్టర్ మర తిప్పాలి. ‘జూమ్ చేస్తే బ్లర్ అవుతోంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ సర్దుబాటు చేయకపోవడమే. బార్లో తగిలించినా విప్పినా ఇంకోసారి చూసుకోండి.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఐపీస్ మీద కళ్లద్దం గుర్తు ఉందో లేదో చూడండి. గొట్టాలు 45 డిగ్రీల వంపుతో ఉంటే కుర్చీ ఎత్తు పెంచక తప్పదు, లేకపోతే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

పొగ, తేమ

ఫ్లక్స్ పొగ నేరుగా ఎగిరేది లెన్స్ మీదికే. 0.5 లెన్స్ వాడుతుంటే అదే కవచం. వాడకపోతే రెట్లు మార్చని సాదా గాజు మూత బిగించండి. మసక పడితే ముందు బ్లోయర్‌తో ధూళి ఊది, తర్వాత లెన్స్ టిష్యూ మీద రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి మధ్య నుంచి అంచుకు తుడవండి. ధూళి ఊదకుండా తుడిస్తే లెన్స్ పూత మీద గీతలు పడతాయి.

విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీర ప్రాంతాల్లో ఫంగస్ అసలు శత్రువు. లోపలి అద్దాల మీద సాలెగూడులా మొదలై పూతను తినేస్తుంది, తర్వాత తుడిచినా మచ్చ పోదు. రాత్రిళ్లు ప్లాస్టిక్ కవర్ కప్పి వదిలేస్తే తేమ లోపలే ఉండిపోతుంది. కవర్ కింద సిలికా జెల్ ఉంచి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడుకోండి. ఐపీసులు తీసినప్పుడు గొట్టాలకు మూతలు తప్పనిసరి.

ఇంకేం కొనొచ్చు

రోజుకు ఎనిమిది గంటలు ఇదే పని చేసే ఇన్‌స్పెక్షన్ లైనుకు నికాన్ ఎస్‌ఎంజెడ్745 వేరే స్థాయి. 0.67 నుంచి 5 దాకా జూమ్, 115 మి.మీ. ఖాళీ, గాలి చొరబడని కట్టుబడి, ఫంగస్ పట్టని ఏర్పాటు, ఈఎస్‌డీ రక్షణ. తీరంలో ఉన్న ఫ్యాక్టరీకి ఆ కట్టుబడి ఒక్కటే ధర తేడాను సమర్థించుకుంటుంది. ఒలింపస్ ఎస్‌జెడ్61 కూడా ఇదే వరస, 0.67–4.5 జూమ్, 110 మి.మీ. ఖాళీ. 2022 నుంచి ఆ విభాగం ఎవిడెంట్ పేరుతో నడుస్తోంది. వీటి అంచుల దాకా స్పష్టత, రంగు అంచులు లేకపోవడం చౌక హెడ్ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ధర మాత్రం చాలా రెట్లు ఎక్కువ. రోజుకు గంట వాడే రిపేర్ షాపుకు ఆ డబ్బు లైట్లకూ స్టాండుకూ పెడితేనే లాభం.

ఎల్‌సీడీ తెర ఉన్న చిన్న డిజిటల్ మైక్రోస్కోప్‌లు ‘1000 రెట్లు’ అంటూ తక్కువ ధరకే దొరుకుతాయి. నంబర్లు చదవడానికి, కస్టమర్‌కు చూపించడానికి సరే. లోతు తెలియదు కాబట్టి పగులు, గీత, పేరుకున్న మురికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఉపరితల తనిఖీకి దాన్ని స్టీరియోకు బదులుగా కొనొద్దు.

బడ్జెట్ బిగుతుగా ఉంటే వదులుకోవాల్సిన వరుస ఇది: ముందు కెమెరా, తర్వాత 20 రెట్ల ఐపీసులు, ఆ తర్వాత 2 రెట్ల లెన్స్. గూస్‌నెక్ లైటు మాత్రం వదులుకోవద్దు. కెమెరాను తర్వాతెప్పుడైనా తగిలించుకోవచ్చు, కానీ అందుకు హెడ్ మొదటే ట్రైనాక్యులర్ అయి ఉండాలి.